సిమెంటు వేయని చోటు

దేవసహాయం మాస్టారిని ఇంకొకరి సమాధిలో పాతిపెట్టారు. ఆ ఇంకొకరి కొడుకుని అడగలేదు, కనీసం కబురైనా చేయలేదు. పేటలో సగంమందికి అక్షరాలు చెప్పిన మనిషికి ఆ పేటలో ఆరడుగుల సొంత నేల దొరకలేదు. ముందు ఈ మాట చెప్పి తరవాత మిగతాది చెబుతాను. ఈ మాట వదిలేసి మాస్టారి మంచితనం గురించి మైకు పట్టుకుని మాట్లాడేవాళ్ళని నేను చాలామందిని చూశాను.

ఇవాళ పొద్దున్న లేచేసరికి పేటంతా సున్నం వాసన. సమాధుల పండుగ దగ్గరకొచ్చింది. ఇళ్ళ ముందు పాత డ్రమ్ముల్లో సున్నపురాయి వేసి నీళ్ళు పోస్తే బుసబుస పొంగుతుంది, ఆవిరి లేస్తుంది, ముక్కు లోపల చురుక్కుమంటుంది. ఆ పండుగకి మావాళ్ళు ఎవరి సమాధికి వాళ్ళు సున్నం కొట్టి, బంతిపూలు వేసి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. అందరికీ ఆ వాసన తగిలితే పోయినవాళ్ళు గుర్తొస్తారు. నాకు ముందు కోపం వస్తుంది, తరవాత మాస్టారు గుర్తొస్తారు. ఈ వయసులో కోపం ఒంటికి మంచిది కాదని మా కోడలు అంటుంది. ఒంటికి మంచివి కానివి చాలానే తిని బతికాను, ఇదీ ఒకటి.

నేను బడి మెట్టు ఎక్కినవాణ్ణి కాదు. కుర్రతనం నుంచీ అంబాజీపేట కొబ్బరికాయల కొట్లో వలుపు పని. నేలలో నిలబెట్టిన గునపం మొనకి కాయ గుచ్చి, ఒక్క మెలి తిప్పి, పీచు ఊడదీయాలి. సాయంత్రమయ్యేసరికి అరచేతులు నావి కానట్టుండేవి. మాస్టారు పక్క ఊళ్ళో ఎలిమెంటరీ స్కూల్లో పనిచేసేవారు, కాపురం మా పేటలోనే. సన్నగా, కాస్త ముందుకు వంగి నడిచేవారు. ఎప్పుడూ తెల్లచొక్కా, మోచేతుల దగ్గర నీలిమందు మరకలు. ఒకరోజు ఏదో పని మీద మా కొట్టుకి వచ్చి, కాయలు ఎక్కిస్తున్న లారీ పక్కన నిలబడ్డారు.

"ఒరే ప్రకాశం, ఈ లారీ ఎక్కడికి వెడుతోందిరా?" అనడిగారు.

"నాకేం తెలుసండి. లారీకి తెలుసు."

"లారీకి తెలిసినంత కూడా నీకు తెలియక్కర్లేదా?"

కొట్లో అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటతోనే ఆ సాయంత్రం ఆయన ఇంటి అరుగెక్కాను. ఆయన నాకు అచ్చులు, హల్లులు చెప్పారు. వాటిని లారీల వెనకాల రాసిన రాతల మీద ప్రయోగించమన్నారు. ఊళ్ళ పేర్లు, దేవుళ్ళ పేర్లు, యజమానుల పిల్లల పేర్లు, అన్నీ లారీల మీదే చదివాను. అక్షరాలు ఆయన ఇచ్చారు. మిగతా చదువు నేనే, బజ్జీలు చుట్టిన కాగితాల దగ్గర్నుంచి దొరికినదల్లా చదివి సంపాదించుకున్నాను. ఈ రెండో మాట కూడా ఆయన చెప్పమన్నదే. "నేను నేర్పేనని ఎవరితోనూ అనకు. తలుపు తీసేను, అంతే. లోపలికి నడిచింది నువ్వు" అనేవారు.

ఇక అసలు సంగతి. మా పేట సమాధుల దొడ్డి కాలువకీ రోడ్డుకీ మధ్య ఇరుక్కున్న చిన్న నేలచెక్క. మా తాతల నాడు పేటలో ఇళ్ళు తక్కువ, అందుకు అది సరిపోయింది. ఇళ్ళు పెరిగాయి, నేల పెరగలేదు. ఒకరోజు ఎవరికోసమో గొయ్యి తవ్వుతుంటే గునపానికి పాత పెట్టె చెక్క టక్కున తగిలింది. తవ్వేవాళ్ళు ఆగిపోయారు. ఇంకొంచెం పక్కకి జరిగితే అక్కడా తగిలింది. చివరికి కాలువ గట్టు వాలులో, నీరు ఊరే చోట, ఆ మనిషిని పెట్టారు. మర్నాడు సాయంత్రం మాస్టారు పాఠం చెప్పలేదు. "బతికున్నవాళ్ళకి ఇళ్ళ స్థలాలివ్వమని అందరూ అడుగుతారు. చచ్చినవాళ్ళ తరఫున ఎవరడుగుతారురా?" అన్నారు. ఆయనే అడగాలని అప్పటికే నిర్ణయించుకున్నారని నాకు తరవాత తెలిసింది.

ఆయనకో అలవాటుంది. తెలియని పనికి దిగేముందు తెలిసినవాడి దగ్గరికి వెళ్ళి, చెప్పులు విడిచి, కింద కూర్చుని అడిగేవారు. అవతలి మనిషి ఎవరైనా సరే. కొత్తపేటలో సర్వే పనిచేసి రిటైరైన సోమయాజులుగారని ఒకాయన ఉండేవారు. వేదం చదివినవాళ్ళ ఇంట పుట్టి గొలుసు పట్టుకుని పొలాలు కొలిచిన మనిషి. నన్ను సైకిలు వెనకాల కూర్చోబెట్టుకుని మాస్టారు అక్కడికి తీసుకెళ్ళారు. సోమయాజులుగారు మమ్మల్ని గడప దాటించి లోపలికి రమ్మన్నారు. మాస్టారు కింద కూర్చోబోతే చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టారు. నేల మీద సుద్దముక్కతో దొడ్డి బొమ్మ గీశారు.

"ఎటు పెంచుతారండీ? ఇటు కాలువ. అటు రోడ్డు. ఈ పక్కేమో మంచినీళ్ళ ట్యాంకు, దాని దగ్గరికి శవాన్ని రానివ్వరు, రానివ్వకూడదు కూడాను. మిగిలింది చంటిబాబుగారి కొబ్బరితోట. అందులో ఒక్క వరస చెట్లు వదిలితే మీకు చాలాకాలం లోటుండదు" అన్నారు.

"ప్రభుత్వాన్ని అడిగితేనో?" అన్నారు మాస్టారు.

"అడగండి. ప్రభుత్వమూ అదే చెబుతుంది, పక్కాయన్ని అడగమని. నా జన్మంతా గొలుసుతో కొలిచేనండి. కొలిస్తే నేల పెరగడం ఎక్కడా చూళ్ళేదు. పక్కవాడు ఇస్తేనే పెరుగుతుంది. ఇంకోటి చెప్పనాండీ? బయట అడిగేముందు లోపల చూసుకోండి. మీవాళ్ళు సిమెంటు సమాధులు కట్టేస్తున్నారు. మట్టిగా వదిలేస్తే ఓ తరం గడిచేక ఆ చోటు ఇంకొకరికి పనికొస్తుంది. సిమెంటు వేసేరా, అది యుగాంతం దాకా రిజిస్ట్రీ అయిపోయినట్టే."

తిరిగి వస్తూ మాస్టారు సైకిలు తొక్కలేదు, నడిపించుకుంటూ వచ్చారు. రెండు సలహాలూ సరైనవేనని, రెండూ కష్టమేనని ఆయనకి అర్థమైంది. నాకు మాత్రం ఆ రోజు ఉత్సాహమే. సమస్య ఏమిటో సుద్దముక్కతో గీసి చూపించాక అది తీరిపోయినట్టేనని అనుకునే వయసు.

ముందు చంటిబాబుగారి దగ్గరికి వెళ్ళాం. తోట మధ్యన ఆయన మేడ. మమ్మల్ని చూడగానే లేచి ఎదురొచ్చారు. "రండి మాస్టారండీ, రండి. మీరు రావడమేంటండీ, కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదండీ" అన్నారు. కొబ్బరిబొండాలు కొట్టించారు. మాస్టారు విషయం చెప్పారు. ఆయన మధ్యమధ్యన "ఆయ్... ఆయ్..." అంటూ తల ఊపుతూ మొత్తం విన్నారు.

"తప్పకుండానండీ. చచ్చినవాళ్ళకి చోటివ్వకపోతే ఇంకెవరికిస్తామండీ? కాకపోతే ఆ వరస చెట్లు మాంచి కాపు మీదున్నాయండి. ఈ కాయల దింపు అవ్వనీండి, చూద్దాం."

దింపు అయ్యాక వెళ్ళాం. "ఆయ్, గుర్తుందండీ. పెద్దమ్మాయి పెళ్ళి ఉందండి, అది అవ్వనీండి." పెళ్ళయింది, మమ్మల్ని పిలిచారు కూడా. తరవాత వెళితే తోటకి తెగులన్నారు. తెగులు తగ్గాక తుపానన్నారు. తుపాను పోయాక, "పడిపోయిన చెట్ల చోట కొత్త మొక్కలేసేనండి, అవి కాస్త నిలదొక్కుకోనీండి" అన్నారు. ఎప్పుడు వెళ్ళినా బొండం నీళ్ళు తియ్యగా ఉండేవి. ఎప్పుడూ వాకిలి దాకా వచ్చి సాగనంపేవారు. ఒకసారి గేటు దాటాక నేను ఆగలేక, "ఈయన ఇవ్వడండి మాస్టారూ, ఆడిత్తున్నాడు మనల్ని" అన్నాను.

"కాదని ఉంటే బాగుండేదిరా" అన్నారు మాస్టారు. "కాదన్నవాడి మీద కలెక్టరుగారి దగ్గరికి వెళ్ళొచ్చు. ఆయ్ అన్నవాడి మీద ఎవరికి చెప్పుకుంటాం?"

మా వైపు మర్యాద గురించి బయటివాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. నిజమే, ఇక్కడ కుక్కని అదిలించినా అండీ అంటామని ఒక వేళాకోళం. ఆ అండీ కింద మనిషిని ఏళ్ళ తరబడి నిలబెట్టవచ్చునని నాకు చంటిబాబుగారి వాకిట్లో తెలిసింది. ఆయన్ని చెడ్డవాడని ఇప్పటికీ అనలేను, అదే నా బాధ. మాస్టారికి జబ్బు చేసినప్పుడు ఆయనే కారు పంపించాడు. కారు ఇచ్చాడు, చెట్ల వరస ఇవ్వలేదు.

బయట పని జరగలేదు కదా అని మాస్టారు లోపలికి తిరిగారు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక గుళ్ళో లేచి నిలబడి, ఇకమీదట ఎవరూ సిమెంటు సమాధులు కట్టవద్దని, మట్టి దిబ్బ చేసి తలాపున పేరు రాసిన రాయి పెడితే చాలని, అది అందరికీ మంచిదని చెప్పారు. పాస్టరు అయ్యగారు తలవంచుకుని కూర్చున్నారు. మగవాళ్ళు గొణుక్కున్నారు. ఆడవాళ్ళ వైపు నుంచి రత్నమ్మక్క లేచింది. ఆవిడ కొడుకు కువైట్ వెళ్ళి సంపాదించి తండ్రి సమాధికి సిమెంటు కట్టించి, పైన నీలం టైల్సు వేయించాడు.

"మాస్టారండీ, మీకు ఎదురు చెప్పేదాన్ని కాదండి" అంది. "మా ఆయన బతికున్నన్నాళ్ళూ తాటాకింట్లో పడుకున్నాడండి. వానొస్తే మంచం ఈ మూల నుంచి ఆ మూలకి జరుపుకున్నాం. చచ్చేకైనా స్లాబు కింద పడుకోనివ్వరాండీ?"

మాస్టారు చేతులు జోడించి కూర్చున్నారు. ఇంటికి వచ్చేటప్పుడు నేను రత్నమ్మక్కని తిట్టబోతే ఆయన ఆపారు. "ఆవిడ చెప్పినదానికి నా దగ్గర జవాబుందా? ఉంటే చెప్పేవాణ్ణి కదరా." ఆ ఏడాది తర్వాత మా దొడ్డిలో సిమెంటు ఇంకా ఎక్కువైంది. కువైట్ నుంచి, దుబాయ్ నుంచి, హైదరాబాదు నుంచి, ఎవరికి వీలైనంత వాళ్ళు తల్లిదండ్రులకి స్లాబు వేశారు. పైన శిలువ, చుట్టూ చిన్న గోడ, కొన్నిటికి ఇనుప కటకటాలు కూడా. బతికినప్పుడు ఇరుకులో బతికినవాళ్ళకి చచ్చాక విశాలంగా ఉంచాలన్న ప్రేమే మాలో మిగతావాళ్ళకి చోటు లేకుండా చేసింది. ఇంకెవరైనా ఈ తప్పు చేస్తారో లేదో నాకు తెలియదు. మేము చేశాం, చేసి సున్నం కొట్టాం.

మాస్టారు మాత్రం తన మాట తను నిలబెట్టుకున్నారు. వాళ్ళమ్మ పోయినప్పుడు దిబ్బే చేయించారు. వానలకి ఆ దిబ్బ కరిగి నేలలో కలిసింది. ఎవరో పోయినప్పుడు ఆ చోటు అడిగితే సరేనన్నారు. వాళ్ళు ఆ మనిషిని పెట్టి, పైన సిమెంటు వేసుకున్నారు. "మా అమ్మ పక్కకి తప్పుకుంది" అన్నారు మాస్టారు, నవ్వుతూనే. ఆయన భార్యది లంక ఊరు. పుట్టింట్లో ఉండగా పోయింది, అక్కడే పెట్టారు. పిల్లలు లేరు. అంటే మాస్టారికి దొడ్డిలో తనవాళ్ళదంటూ చెప్పుకునే అడుగు నేల లేకుండా పోయింది. ఈ సంగతి నాకు తెలుసు, అందరికీ తెలుసు. తెలిసినా ఎవరమూ పెదవి కదపలేదు. ఆయన వచ్చే పోయే మనిషి కాదు, ఎప్పుడూ ఉండేవాడేనని మా ధీమా.

ఆయన వానాకాలంలో పోయారు. కాలువ గట్టు దాకా నిండి, దొడ్డి వాలులో మోకాల్లోతు నీళ్ళు. ఒంట్లో నీరు పట్టి పోయిన మనిషి, ఎక్కువసేపు ఉంచే వీల్లేదు. అప్పటికి చంటిబాబుగారు లేరు. తోట వైపు పొడుగునా గోడ కట్టేశారు. నేను ఆయన కొడుకుల దగ్గరికి తడుస్తూ పరిగెత్తాను. కుర్చీ వేశారు, తల తుడుచుకోమని తువ్వాలిచ్చారు. "నాన్నగారు ఇస్తానన్నారాండీ? అయ్యో, మాకు చెప్పలేదండీ" అన్నారు. తండ్రికి తగ్గ కొడుకులే.

వెనక్కి వచ్చేసరికి సంఘం పెద్ద దానియేలు, ఇంకొందరు గొడుగులతో దొడ్డిలో నిలబడి ఉన్నారు. ఎటు చూసినా సిమెంటే. ఎవరి సిమెంటు పగలగొట్టడానికి ఎవరు ఒప్పుకుంటారు? అడిగినవాళ్ళందరూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, ఎవరూ సరేననలేదు. చివరికి దానియేలు ఒక మూల చూపించాడు. అక్కడ వట్టి మట్టి, ఒక చిన్న రాయి. అది పడవ ఇశ్రాయేలుది. మా రేవులో జనాన్ని అవతలికి దాటించేవాడు. వంతెన వచ్చాక పడవ గట్టెక్కింది, తరవాత అతనూ పోయాడు. కొడుకు యోహాను కాట్రేనికోన వైపు అత్తారింటికి చేరి చేపల వేటకి పోతున్నాడు. తండ్రికి సిమెంటు వేయించే తాహతు అతనికి లేదు.

"ఇక్కడ తవ్వుదాం" అన్నాడు దానియేలు.

"వాళ్ళబ్బాయిని అడగొద్దా?" అన్నాను.

"ఆడు సముద్రం మీదున్నాడు. సముద్రానికి ఫోనెక్కడుంది?"

"ఒడ్డుకొచ్చేక ఏం చెబుతావు?"

"మాస్టారికోసమంటే కాదంటాడేంట్రా? నువ్వోడివి, ప్రతిదానికీ లాపాయింటు."

కాదనలేడు కాబట్టి అడగక్కర్లేదు! చంటిబాబుగారు కాదనడు, ఇవ్వడు. యోహాను కాదనలేడు, కనక తీసుకోవచ్చు. ఆ రెండింటి మధ్యన మాస్టారి పెట్టె వానలో తడుస్తోంది. నేను అరిచాను. ఎవరో నా భుజం పట్టుకుని పక్కకి లాగారు. గునపం మట్టిలోకి మెత్తగా దిగింది. ఇశ్రాయేలు ఎముకల్ని కొత్త గుడ్డలో మూటకట్టి పక్కన పెట్టి, మాస్టారిని దింపి, రెండూ కలిపి మట్టి కప్పారు. రాయి మళ్ళీ తలాపున నిలబెట్టారు. దాని మీద ఇశ్రాయేలు పేరుంది. పక్కన మాస్టారి పేరు రాయిద్దామంటే, "ముందు ఆ కుర్రాడితో మాట్లాడాలి కదా" అన్నాడు దానియేలు. మనిషిని పెట్టడానికి అక్కర్లేని అనుమతి పేరు రాయడానికి కావలసివచ్చింది.

మాట్లాడడానికి ఎవరూ వెళ్ళలేదు. నేను వెళ్ళాను. యోహాను ఇంటి ముందు కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను, ఎవరినీ వెనకేసుకురాలేదు. అతని చెయ్యి ఒక్కసారి ఆగింది, మళ్ళీ ముడి వేసుకుంటూ పోయింది. "నీకు ఇష్టం లేకపోతే చెప్పు అబ్బాయ్. మాస్టారిని పైకి తీయించి ఎక్కడో అక్కడ చూస్తాను. ఎవరడ్డమొస్తారో నేను చూసుకుంటాను" అన్నాను. "అన్నం తినెళ్ళండి బాబాయ్" అన్నాడు. వాళ్ళావిడ చేపల పులుసు వడ్డించింది. ఆ అన్నం ఎలా తిన్నానో నాకే తెలియదు. వచ్చేటప్పుడు, "తరవాత చెబుతానండి" అన్నాడు. ఆ తరవాత అన్న మాట వినగానే నాకు చంటిబాబుగారి బొండాలు గుర్తొచ్చాయి.

చాలా పండుగలు వెళ్ళిపోయాయి. యోహాను రాలేదు. ఆ రాయికి నేనే సున్నం కొడుతూ వచ్చాను, చెయ్యి వేసిన ప్రతిసారీ అడగకుండా ఒకరింట్లో దూరినట్టే ఉండేది. మాస్టారు నాకిచ్చినవాటిలో చదువు ఒకటి. రెండోది, ఎవరైనా నన్ను ఏదైనా అడిగితే ఇవ్వగలిగితే ఇస్తాను, లేకపోతే కాదని ముఖం మీదే చెబుతాను. దీనివల్ల పేటలో నాకు మోటువాడని పేరు. పర్వాలేదు. మా ఇంట్లో కూడా చెప్పేశాను, నా మీద సిమెంటు వేస్తే లేచి వస్తానని. మా అబ్బాయి నవ్వాడు. కోడలు మాత్రం, "నలుగురూ ఏమనుకుంటారు మావయ్యగారండీ" అని కళ్ళు తుడుచుకుంది. ఆవిడలో నాకు రత్నమ్మక్క కనిపించింది. దొడ్డి ఇప్పటికీ అంతే ఉంది. ఇప్పుడు పోయేవాళ్ళని తలో ఊరికి తీసుకెళుతున్నారు. మాస్టారు తిరిగిన తిరుగుడంతా ఒక్క అడుగు నేలని కూడా కలపలేకపోయిందే అన్న బాధ నాతోనే పోతుంది కాబోలు.

క్రితం నెల అమలాపురం బస్టాండులో మందులు కొనుక్కుని కూర్చున్నాను. "బాబాయ్" అంటూ ఎవరో పక్కన కూర్చున్నారు. తల నెరిసింది, ముందు పోల్చుకోలేదు. యోహాను. కాట్రేనికోన బస్సు వచ్చేదాకా వాళ్ళ పిల్లల గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడాడు. బస్సు వచ్చింది. అతను లేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. "ఆ రోజు అడిగినదానికి నువ్వింకా జవాబు చెప్పలేదబ్బాయ్. నేనింక ఎక్కువకాలం ఉండను. మాస్టారిని ఉంచమంటావా, తీయించమంటావా?"

అతను బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి వెనక్కి తిరిగాడు.

"అప్పుడు కోపమొచ్చిందండి బాబాయ్, అందుకే చెప్పలేదు. తర్వాత ఆలోచించేను. మాస్టారు బతికున్నన్నాళ్ళూ పలక పట్టుకుని మా నాన్న వెనకాల తిరిగేరండి. ఆయన అంత దూరాన కనపడితే చాలు, మా నాన్న పడవ అవతలొడ్డుకి తోసేసేవోడు. ఇప్పుడెక్కడికి పారిపోతాడండీ? కదపకండి. ఈపాటికి గుణింతాల్లోకి వచ్చుంటారు."